అంబాసిడర్ శిక్షణకు పిలుపొచ్చిందా? వెళ్లేముందు వేసుకోవాల్సిన లెక్కలు

బీటెక్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఒక్కోసారి ఇలాంటి కబురు వినిపిస్తుంది: "ఫలానా కంపెనీ నన్ను స్టూడెంట్ అంబాసిడర్‌గా తీసుకుంది, రెండు రోజుల ట్రైనింగుకు బెంగళూరు రమ్మంది." నాన్న వెంటనే జీతమెంత అంటాడు. ఎక్కడ ఉంటావు, ఎవరితో వెళ్తావు అంటుంది అమ్మ. పిల్లవాడి దగ్గర రెండింటికీ తిన్నగా జవాబుండదు. వచ్చిన మెయిల్లో అభినందనలు ఎక్కువ, వివరాలు తక్కువ కావడమే దానికి కారణం. అడగాల్సిన వివరాలేమిటో, వాటిని ఎలా లెక్కగట్టాలో చూద్దాం.

ముందు ఆ హోదా సంగతి. స్టూడెంట్ అంబాసిడర్ అంటే కాలేజీలో కంపెనీ తరఫున మాట్లాడే విద్యార్థి ప్రతినిధి. ఉద్యోగి కాదు, ఇంటర్నూ కాదు. ఇది కొత్త పద్ధతేమీ కాదు. మైక్రోసాఫ్ట్ 2001లోనే 'స్టూడెంట్ పార్ట్‌నర్స్' పేరుతో మొదలుపెట్టి, 2020లో దాన్ని 'లెర్న్ స్టూడెంట్ అంబాసిడర్స్'గా మార్చింది. గూగుల్ 'డెవలపర్ స్టూడెంట్ క్లబ్స్' 2024లో 'గూగుల్ డెవలపర్ గ్రూప్స్ ఆన్ క్యాంపస్' అయ్యాయి. గిట్‌హబ్ వాళ్ల 'క్యాంపస్ ఎక్స్‌పర్ట్స్' పథకంలో శిక్షణ పూర్తిచేశాకే ఆ హోదా దక్కుతుంది. పేర్లు ఎన్నున్నా పని ఇంచుమించు ఒకటే: కంపెనీ పరికరాన్ని మీరు నేర్చుకోవాలి, మీ కాలేజీలో పదిమందికి నేర్పాలి, ఏం చేశారో తిరిగి వాళ్లకు చెప్పాలి.

నాన్న ప్రశ్నకు జవాబు: సాధారణంగా జీతం ఉండదు. టీషర్టు, బ్యాగు, స్టిక్కర్లు, సర్టిఫికెట్, కొన్ని సాఫ్ట్‌వేర్లు ఉచితంగా వాడుకునే వీలు ఉంటాయి. కొన్ని కంపెనీలు పనినిబట్టి గిఫ్టు కార్డులో, చిన్న స్టైపెండో ఇస్తాయి. ఇస్తే ఎంత, ఎప్పుడు, ఏం చేస్తే అన్నది రాతపూర్వకంగా ఉండాలి. "బాగా చేసినవాళ్లకు ఆకర్షణీయమైన బహుమతులు" అన్న వాక్యాన్ని సున్నా రూపాయలుగా చదువుకోవడమే మేలు.

జీతం ఇవ్వని కంపెనీ హోటలు గది, భోజనాలు, ప్రయాణ ఖర్చు ఎందుకు పెడుతుంది? ఊహకోసం ఒక లెక్క వేద్దాం. అరవైమంది విద్యార్థుల్ని రెండు రోజులకు పిలిచి, తలకు 15,000 రూపాయలు ఖర్చుపెట్టిందనుకోండి. మొత్తం 9 లక్షలు. ఆ అరవైమందిలో ఒక్కొక్కరు సెమిస్టర్లో వందమందిని సెమినార్ హాల్లో కూర్చోబెడితే 6,000 మంది అవుతారు. అంటే ఒక్కో విద్యార్థికి కంపెనీ పెట్టింది 150 రూపాయలు. అంత తక్కువలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని రెండు గంటలపాటు తమ సరుకు ముందు కూర్చోబెట్టే ప్రకటన ఏ టీవీలోనూ దొరకదు. పైగా చెబుతున్నది తెలియని ముఖం కాదు, తమ బెంచీవాడే. కంపెనీ కొంటున్నది ఆ నమ్మకాన్ని. ఇందులో తప్పుబట్టడానికేమీ లేదు, కానీ శిక్షణ దానధర్మం కాదని తెలిస్తే మీరు ప్రశ్నలు అడగడానికి మొహమాటపడరు.

ఇక ఇచ్చేవాటి విలువ. ఇక్కడ అంకెలు చాలా పెద్దగా కనిపిస్తాయి, కొంచెం నిదానంగా చూడాలి. ఎక్కువగా ఇచ్చేది 'క్లౌడ్ క్రెడిట్'. క్లౌడ్ అంటే వేరేచోట ఉన్న కంపెనీ కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా గంటల లెక్కన అద్దెకు వాడుకోవడం. ఆ అద్దెకు ముందే జమ వేసి ఇచ్చిన మొత్తమే క్రెడిట్. మైక్రోసాఫ్ట్ విద్యార్థులకిచ్చే అజూర్ పథకంలో ఇది ఏడాదికి 100 డాలర్లు. డాలరు 90 రూపాయలుగా వేసుకుంటే 9,000, నెలకు 750.

ఆ వంద డాలర్లు ఎన్నాళ్లొస్తాయి? మీరు ఏ యంత్రం తీసుకున్నారన్నదే అంతా. గంటకు ఒక్క సెంటు అద్దె ఉండే చిన్న యంత్రమైతే 10,000 గంటలు, అంటే 416 రోజులు. పగలూ రాత్రీ ఆపకుండా నడిపినా ఏడాది దాటుతుంది. గంటకు ఒక డాలరు యంత్రమైతే వందే గంటలు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి, ఆపడం మరిచి ఊరెళ్లిపోతే మంగళవారం రాత్రి పదింటికి మొత్తం ఖాళీ. మీరు దానిమీద ఒక్క పనీ చేయకపోయినా సరే. ఆటో వెయిటింగులో ఉన్నప్పుడూ మీటరు తిరిగినట్టే ఇదీ. శిక్షణలో ఇంకేం చెప్పినా చెప్పకపోయినా, యంత్రాన్ని ఆపడం, ఖర్చు ఇంత దాటితే మెయిల్ వచ్చేలా పెట్టుకోవడం, ఈ రెండూ నేర్చుకుని రావాలి. మీరు రేపు వందమందికి నేర్పబోతున్నారు కదా, మీరు చెప్పడం మరిచిపోతే వందమందీ మరిచిపోతారు.

మరి కార్డు వివరాలు అడిగితే? పైన చెప్పిన అజూర్ విద్యార్థి పథకానికి క్రెడిట్ కార్డు అక్కర్లేదు, జమ అయిపోతే సేవ ఆగిపోతుంది. అలా కాకుండా కార్డో, యూపీఐ ఆటోపేనో పెట్టమన్న పథకంలో ఉచిత గడువు దాటాక డబ్బు కోత మొదలవుతుంది. ఎంత కోత పడుతుందో ఒక నిజమైన ఉదాహరణ చూడండి. 2025లో గూగుల్ మన దేశంలో 18 ఏళ్లు నిండిన విద్యార్థులకు 'గూగుల్ ఏఐ ప్రో' పథకాన్ని ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. దాని విలువ 19,500 రూపాయలని ప్రకటించింది. నెలవారీగా తీసుకుంటే అది 1,950. కాబట్టి ఉచిత ఏడాది తర్వాత ఏ నెలకానెల ఉంచాలా వద్దా అని తేల్చుకోవడమంటే, చాలా ఇళ్లలో నెల కరెంటు బిల్లంత మొత్తం గురించి తేల్చుకోవడం.

ఆ పథకంలోనే 2 టీబీ నిల్వ స్థలం కూడా ఇచ్చింది. టీబీ అంటే సుమారు వెయ్యి జీబీలు. ఒక్కో ఫొటో 4 ఎంబీ అనుకుంటే అందులో 5 లక్షల ఫొటోలు పడతాయి. రోజుకు యాభై చొప్పున తీసినా నింపడానికి 27 ఏళ్లు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ గూగుల్ అందరికీ మామూలుగా ఇచ్చే ఉచిత నిల్వ 15 జీబీ. ఏడాదిలో మీరు 100 జీబీ నింపి, తర్వాత డబ్బు కట్టకపోతే, పరిమితి దాటిన ఖాతాకు కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కాలంలో మెయిల్ ఆగడమంటే ఏమిటో ఫైనలియర్ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఉచితంగా వచ్చినదాని ధర ఎంతో కాదు, గడువు ఎప్పుడో క్యాలెండరులో రాసుకోండి.

ఇంకో తీసివేత కూడా చేయాలి. పైన చెప్పిన 100 డాలర్ల జమకు గానీ, 2025లో గూగుల్ ఇచ్చిన ఉచిత ఏడాదికి గానీ, 2014 నుంచి గిట్‌హబ్ ఇస్తున్న 'స్టూడెంట్ డెవలపర్ ప్యాక్'కు గానీ అంబాసిడర్ కానక్కర్లేదు. అర్హత ఉన్న విద్యార్థి అయితే చాలు. కాబట్టి "మా అంబాసిడర్లకు ఇంత విలువైన ప్రయోజనాలు" అన్న జాబితా వచ్చినప్పుడు, ఎవరికైనా దొరికేవాటిని కొట్టేసి చూడండి. నా అనుభవంలో సగం జాబితా అలాగే పోతుంది. మిగిలేది మనుషులతో పరిచయం, నేర్పడం నేర్చుకునే అవకాశం, కంపెనీ ఇంజినీర్లను నేరుగా ప్రశ్న అడిగే వీలు. అసలు విలువ వీటిలోనే ఉంది, అందుకే శిక్షణ ఎలా జరుగుతుందన్నది ముఖ్యం.

రెండు రోజుల శిక్షణ అంటే కాగితంమీద పదహారు గంటలు. భోజనాలు, టీలు, గ్రూప్ ఫొటోలు తీసేస్తే పదమూడు మిగులుతాయి. అందులో కొంత కంపెనీ పరిచయానికి, కొంత లోగో ఎలా వాడాలి, ఏ రంగు మార్చకూడదు అన్న నియమాలకు, కొంత కొత్త సాఫ్ట్‌వేర్ ప్రదర్శనకు పోతుంది. మిగతాదే మీరు లేచి నిలబడి మాట్లాడి, తప్పులు దిద్దించుకునే సమయం. ఇది ఎంతో ముందే అడగండి. అరవైమంది ఒకే హాల్లో ఉండి ఒక్కొక్కరూ ఐదు నిమిషాలు చొప్పున చెబితే ఐదు గంటలు పడుతుంది. మీకు దక్కేది మాత్రం ఆ ఐదు నిమిషాలే, మిగతా సేపంతా ఇతరులను వినడం. అదే అరవైమందిని ఆరుగురు చొప్పున పది గుంపులు చేసి, గుంపుకొక శిక్షకుణ్ని పెడితే ఒక్క గంటలో ఒక్కొక్కరికి పది నిమిషాలు వస్తాయి. ఎంతమంది విద్యార్థులకు ఎంతమంది శిక్షకులు అన్న ఒక్క ప్రశ్నతో ఆ శిక్షణ పనికొస్తుందో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

మంచి శిక్షకుడు ఆ పది నిమిషాల్లో ఏం చేస్తాడు? మీ చేత ప్రొజెక్టరు ఆపేయించి, ఏపీఐ అంటే ఏమిటో స్లైడు లేకుండా చెప్పమంటాడు. (ఏపీఐ అంటే ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రామును పని అడగడానికి పెట్టుకున్న కట్టుబాటు.) మొదటి ప్రయత్నంలో అందరూ స్లైడులో ఉన్న ఇంగ్లిష్ వాక్యాన్నే అప్పజెబుతారు. రెండోసారి తెలుగులో చెప్పమంటే నోరు పెగలదు, ఎందుకంటే అప్పటిదాకా ఆ వాక్యం అర్థం కాలేదని అప్పుడే తెలుస్తుంది. జగిత్యాలలోనో నరసరావుపేటలోనో సెమినార్ హాల్లో కూర్చునేవాళ్లలో ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లూ ఉంటారు. కంపెనీ ఇచ్చే స్లైడ్లు ఏ ఊరికైనా అవే. వాటిని మన పిల్లలకు అందేలా మార్చడం అంబాసిడర్ పనే, కంపెనీ మెయిల్లో ఆ పని ఎక్కడా రాసి ఉండదు.

శిక్షణలో తరచూ తేలిగ్గా దాటేసే విషయం ఇంకొకటుంది: కార్యక్రమం ఏర్పాట్లు. మీరు అరవై ల్యాప్‌టాప్‌లతో వర్క్‌షాపు పెట్టారనుకుందాం. అందరూ 500 ఎంబీ సాఫ్ట్‌వేర్ దింపుకోవాలి. మొత్తం 30 జీబీ. కాలేజీ వైఫై 50 ఎంబీపీఎస్ వేగంతో, అదీ ఎక్కడా ఆగకుండా ఇస్తే 80 నిమిషాలు పడుతుంది. మీ కార్యక్రమమే రెండు గంటలు! పోనీ ఫోన్ హాట్‌స్పాట్ వాడుకోమంటే, రోజుకు 1.5 జీబీ ప్యాకు ఉన్న విద్యార్థికి ఆ రోజు డేటాలో మూడోవంతు పోతుంది. రెండు రోజుల ముందే లింకు పంపి హాస్టల్లోనో ఇంట్లోనో దింపుకుని రమ్మనడం, దింపుకోనివాళ్లకోసం నాలుగు పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకోవడం, హాల్లో ప్లగ్ పాయింట్లు లెక్కబెట్టి అరడజను ఎక్స్‌టెన్షన్ బాక్సులు తెచ్చుకోవడం, ఇవీ అసలు పనులు. ఎల్‌సీడీ ప్రొజెక్టరు కేబులు మీ ల్యాప్‌టాప్‌కు పడుతుందో లేదో కూడా ముందురోజే చూసుకోవాలి. ఈ తెలివి ఏ కంపెనీ సాఫ్ట్‌వేరుకూ అంటుకుని ఉండదు, పెళ్లిపందిరి దగ్గర నుంచి ఆఫీసు సమావేశం దాకా పనికొస్తుంది.

కాలేజీ హాజరు సంగతేమిటన్నది తర్వాతి సందేహం. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరుండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే, అనారోగ్యం వంటి తగిన కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు అడగొచ్చు. సెమిస్టరుకు 90 బోధన రోజులనుకుంటే 68 రోజులు తరగతిలో ఉండాలి. అంటే మీ చేతిలో 22 రోజులున్నాయి. శుక్ర, శనివారాల్లో శిక్షణ అయితే గురువారం ప్రయాణంతో కలిపి మూడు రోజులు. తర్వాత మీ కాలేజీలో రెండు కార్యక్రమాలకు రెండేసి రోజులు పోతే మరో నాలుగు. మొత్తం ఏడు. ఉన్నదాంట్లో దాదాపు మూడోవంతు ఇక్కడే ఖర్చయింది. జ్వరాలకు, అక్క పెళ్లికి, సంక్రాంతికి ముందూ వెనకా కలుపుకునే రోజులకు పదిహేను మిగిలాయి. ఆ పదిహేనులోనే సర్దుకోగలరేమో చూసుకోండి. హాజరు లెక్క రోజుల్లో కాదు, పీరియడ్లలో వేస్తారు కాబట్టి ల్యాబ్ ఉన్న మధ్యాహ్నం పోతే దెబ్బ ఎక్కువ.

చాలా కాలేజీలు ఇలాంటివాటికి 'ఓడీ' ఇస్తాయి, అంటే ఆన్ డ్యూటీ కింద హాజరు వేస్తాయి. అటానమస్ కాలేజీల్లో నిబంధన ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వెళ్లొచ్చాక ఫొటోలు చూపించి అడగడంకంటే, కంపెనీ ఆహ్వాన పత్రం జతచేసి హెచ్‌ఓడీ గారి దగ్గర ముందే సంతకం పెట్టించుకోవడం తేలిక. మిడ్ పరీక్షల తేదీలు కూడా అప్పుడే చూసుకోవాలి. మిడ్స్‌లో పోయిన మార్కులను ఏ టీషర్టూ తెచ్చిపెట్టదు.

రోజులకంటే గంటలే నిజం చెబుతాయి. ఒక సెమిస్టరు ఉదాహరణ చూద్దాం: శిక్షణ 16 గంటలు, దానికి ముందు చేయమనే ఆన్‌లైన్ పాఠాలు 10, రెండు కార్యక్రమాలకు అనుమతులు, పోస్టర్లు, సాధన, నివేదిక అన్నీ కలిపి పదిహేనేసి చొప్పున 30, వారానికో గంట ఆన్‌లైన్ సమావేశం చొప్పున పదహారు వారాలకు 16. మొత్తం 72 గంటలు. దీన్ని 90 పనిదినాలకు పంచితే రోజుకు 48 నిమిషాలు. రోజుకు 48 నిమిషాలు కోడింగ్ సాధన చేసినా, గేట్‌కు చదివినా ఏం వచ్చేదో దానితో పోల్చి చూడండి. ఎదుట నిలబడి మాట్లాడాలంటే కాళ్లు వణికే పిల్లలకు ఆ 48 నిమిషాలు బంగారంలా ఉపయోగపడతాయని నా నమ్మకం. ఇప్పటికే మూడు క్లబ్బుల్లో పదవులున్న పిల్లలకు మాత్రం నాలుగోది అనవసరం.

డబ్బు విషయంలో ఒకటే మాట: చేతిచమురు భాగవతం వద్దు. ప్రయాణ ఖర్చు కంపెనీ టికెట్టు రూపంలో ఇస్తుందా, ముందు మీరు పెట్టుకుంటే తర్వాత ఇస్తుందా? తర్వాతయితే ఎన్ని రోజుల్లో, పరిమితి ఎంత, స్లీపరా ఏసీనా, ఆటో బిల్లు లేకపోతే ఏం చేస్తారు? కార్యక్రమాల్లోనూ ఇంతే. డెబ్బైమందికి సమోసా, టీ తలకు 30 చొప్పున 2,100 రూపాయలు. ఇలాంటివి రెండైతే ఇంటినుంచి వచ్చే పాకెట్ మనీ మొత్తం పోతుంది. బిల్లు ఎవరి పేరున ఉండాలో అడిగి, అనుమతి మెయిల్ వచ్చాకే ఆర్డరివ్వండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కంపెనీ ఖాతాల విభాగం అమ్మ కూడా కాదు.

ఇప్పుడు అమ్మ ప్రశ్న. బస ఎక్కడో చిరునామా, గది ఎంతమందితో పంచుకోవాలి, అమ్మాయిలకు వేరే అంతస్తో వేరే హోటలో ఉందా, రాత్రి కార్యక్రమం ఎన్నింటికి ముగుస్తుంది, తిరిగి బసకు చేర్చే బాధ్యత ఎవరిది, కంపెనీ తరఫున ఫోన్ ఎత్తే మనిషి ఎవరు? ఇవన్నీ తల్లిదండ్రులు నేరుగా అడగొచ్చు. పిల్లలు సిగ్గుపడతారు, పడనివ్వండి. సరైన నిర్వాహకులు ఈ ప్రశ్నలకు విసుక్కోరు, జవాబులు ముందే రాసి పెట్టుకుని ఉంటారు.

పిలుపు నిజమైనదేనా అన్న అనుమానం కూడా సహజమే, ఎందుకంటే ఇదే పేరుతో మోసాలూ నడుస్తాయి. రిజిస్ట్రేషన్ ఫీజనో, తిరిగిచ్చే డిపాజిట్ అనో, కిట్ కొరియర్ ఖర్చులనో డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. 499 రూపాయలే కదా అనిపిస్తుంది, రెండువేలమంది దగ్గర అలా తీసుకుంటే దాదాపు పది లక్షలు. మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందో లేదో చూడండి. డొమైన్ అంటే చిరునామాలో ఎట్ గుర్తు తర్వాత వచ్చే భాగం. కంపెనీ అధికారిక సైటులో ఆ పథకం ఉందో లేదో విడిగా వెళ్లి వెతకండి, మెయిల్లో ఇచ్చిన లింకు నొక్కి కాదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. మోసం కాకపోయినా దూరంగా ఉండాల్సిన రకం ఇంకొకటుంది. పేరుకు అంబాసిడర్, పనేమో స్నేహితులకు కోర్సులు అమ్మి రిఫరల్ కోడ్ వాడించడం, నెలకు ఇన్నని లక్ష్యం. అది అమ్మకాల ఉద్యోగం, జీతం లేకుండా.

చాలా శిక్షణల్లో చట్టం సంగతి ఒక స్లైడుతో సరిపెడతారు, ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పుకుందాం. కంపెనీ ఇచ్చిన బ్యాగు, టీషర్టు వేసుకుని "ఈ యాప్ అదిరింది" అని రీల్ పెడితే అది మీ అభిప్రాయమా, ప్రకటనా? వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం డబ్బే కాదు, ఉచిత వస్తువులు, ప్రయాణాలు, హోటల్ బస కూడా కంపెనీతో సంబంధం కిందికే వస్తాయి. ఆ సంబంధాన్ని చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి, అదీ ప్రచారం ఏ భాషలో చేస్తే ఆ భాషలోనే. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ప్రచారకర్తకు కూడా 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఎనిమిదివందల ఫాలోవర్లున్న విద్యార్థి వెంట ఎవరూ పడకపోవచ్చు. అయినా "నేను ఈ కంపెనీ విద్యార్థి ప్రతినిధిని, శిక్షణ ఖర్చు వాళ్లే పెట్టారు" అని తెలుగు రీల్‌లో తెలుగులో ఒక ముక్క అనడానికి నాలుగు సెకన్లు చాలు. అలా చెప్పినవాడి మాటకు క్లాసులో విలువ పెరుగుతుందే కానీ తగ్గదు.

రెండో చట్టపు సంగతి పేర్లూ ఫోన్ నంబర్లూ. కార్యక్రమానికి వచ్చినవాళ్ల వివరాలు ఫారంలో నింపించి కంపెనీకి పంపమంటారు. వాటిని ఎవరు చూస్తారు, ఎంతకాలం ఉంచుతారు, తర్వాత ఫోన్లు వస్తాయా అన్నది ఫారంలోనే రాసి ఉండాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఫస్టియర్లో పదిహేడేళ్ల పిల్లలు చాలామందే ఉంటారు, వాళ్ల నంబర్లు సేకరించేముందు కంపెనీని అడిగి తెలుసుకోండి. రిజిస్ట్రేషన్‌కు పేరు, బ్రాంచి, సంవత్సరం చాలు. పుట్టినతేదీ, ఆధార్ లాంటివి అడిగే ఫారాన్ని మీ స్నేహితుల చేతిలో పెట్టకండి.

ఇంత కష్టపడి నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ రేపు ఉంటుందా? ఉండకపోవచ్చు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అనే ఫోన్ వ్యవస్థను తెచ్చింది. 2014 ఆగస్టులో ఇంటెక్స్ కంపెనీ ఆ ఫోన్‌ను మన దేశంలో 1,999 రూపాయలకు విడుదల చేసింది. 2015 డిసెంబరులో మొజిల్లా ఆ ఫోన్ల అమ్మకాలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మధ్యలో గడిచింది పదహారు నెలలు. ఫోన్ వచ్చినప్పుడు ఫస్టియర్లో చేరినవాడు సెకండియర్ సగంలో ఉండగానే కథ ముగిసింది. కానీ అందులో యాప్‌లు రాయడానికి వాడింది హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, అవి ఇప్పటికీ అన్నం పెడుతున్నాయి. ఆ వ్యవస్థ కోడ్ నుంచే కైఓఎస్ పుట్టి, 2017లో వచ్చిన జియోఫోన్‌లో కోట్ల చేతుల్లోకి చేరింది. కాబట్టి శిక్షణ పాఠాల జాబితా చూసేటప్పుడు, కంపెనీ పేరు చెరిపేసినా నిలబడే పాఠాలు ఎన్నో లెక్కబెట్టండి. ఏ బటను ఎక్కడుందో చెప్పే పాఠాలు మెనూ మారగానే చెల్లిపోతాయి. డేటాబేసు ఎలా పనిచేస్తుంది, గిట్‌తో కోడ్ ఎలా భద్రపరుచుకోవాలి, పాస్‌వర్డులు కోడ్‌లో ఎందుకు రాయకూడదు లాంటివి ఎక్కడికెళ్లినా మీ వెంటే ఉంటాయి.

కంపెనీ లేకుండా ఇదంతా నేర్చుకోలేమా? నేర్చుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ సంస్థ ఏళ్లుగా కాలేజీల్లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ శిబిరాలు నడుపుతోంది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే ధర లేనిదని కాదు, కోడ్‌ను ఎవరైనా చూసి, మార్చుకుని, పంచుకునే హక్కు ఉన్నది. అక్కడా నలుగురికి నేర్పే అవకాశం దొరుకుతుంది, లోగో నియమాలుండవు. హోటలు గది కూడా ఉండదు, అది వేరే విషయం.

రెజ్యూమెలో ఇది ఎంతవరకు పనికొస్తుంది? "ఫలానా కంపెనీ స్టూడెంట్ అంబాసిడర్" అన్న ఒక్క వరుస ఇంటర్వ్యూ చేసేవాణ్ని ఒక ప్రశ్న అడిగేలా చేస్తుంది, అంతే. ఉద్యోగానికి హామీ కాదు, ఆ కంపెనీలో ఉద్యోగానికి అసలే కాదు. అడిగే ప్రశ్న "ఏం చేశావు?" అన్నదే. అందుకే ప్రతి కార్యక్రమం అయిపోయిన రోజే ఎంతమంది వచ్చారు, ఎంతమంది చివరిదాకా చేసి చూపించారు, ఎక్కడ ఆగిపోయారు అని ఒక పేజీ రాసి పెట్టుకోండి. "180 మంది నమోదు" కంటే "62 మంది వచ్చారు, 41 మంది తమ పేజీని నెట్‌లో పెట్టగలిగారు, మిగతావాళ్లు లాగిన్ దగ్గర ఆగారు, రెండోసారి అది ముందే సరిచేశాం" అన్న తరహా జవాబు ఎక్కువ సేపు నిలబడుతుంది. ఆ అంకెలు మీ సొంత పేజీలోంచి రావాలి, నోటికొచ్చినవి కాదు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న వాటిమీదే ఉంటుంది.

చివరి సందేహం: ఒప్పుకున్నాక కుదరకపోతే మానేయొచ్చా? మానేయొచ్చు. జీతంలేని పనికి చాలాచోట్ల బాండ్లేమీ ఉండవు. సంతకం పెట్టే పత్రంలో మాత్రం ఒకచోట ఆగి చూడండి: 'ఎన్‌డీఏ', అంటే కంపెనీ ఇంకా విడుదల చేయని సంగతులు బయటపెట్టనన్న ఒప్పందం. మీరు మానేసినా అది దానిలో రాసినంత కాలం అమల్లో ఉంటుంది. మానేయాలనుకుంటే వాట్సాప్ గ్రూపులోంచి చప్పుడు చేయకుండా జారిపోకండి. సమన్వయకర్తకు ఒక మెయిల్ రాయండి, ఒప్పుకున్న కార్యక్రమం ఏదైనా మిగిలి ఉంటే ఎవరు చేస్తారో చెప్పండి, క్లబ్బు ఇన్‌స్టాగ్రామ్, మెయిల్ ఖాతాల పాస్‌వర్డులు తర్వాతివాళ్లకు అప్పగించి, వాళ్ల చేత వెంటనే మార్పించండి. మీ దగ్గరున్న హాజరు జాబితాలు కూడా అదే రోజు మీ ల్యాప్‌టాప్‌లోంచి చెరిపేయండి.